డబ్ల్యూ3ఎం బ్రౌజర్‌లో చదువుతూనే పదానికి అర్థం చూడడం: ఇంగ్లీషుకూ తెలుగుకూ నిఘంటువు అమరిక

ప్రశ్న: నల్లతెర

నేను పెద్ద వ్యాసాలు చదవడానికి టెర్మినల్‌లో నడిచే డబ్ల్యూ3ఎం బ్రౌజర్‌నే వాడుతున్నాను. బొమ్మలు, ప్రకటనలు, కదిలే పట్టీలు ఏవీ లేకుండా అక్షరం మాత్రమే కనబడుతుంది కనుక గంటల తరబడి చదివినా కంటికి శ్రమ తెలియదు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఇబ్బంది పడుతున్నాను. చదువుతున్నప్పుడు తెలియని పదం వస్తే ఆ పుట వదిలి, వేరే టెర్మినల్ తెరిచి, పదాన్ని మళ్ళీ టైపు చేసి, అర్థం చూసుకుని తిరిగి రావలసి వస్తోంది. అలా వెళ్ళి వచ్చేసరికి వాక్యం మీద పట్టు తప్పుతోంది.

నా కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ ఉంది. అర్థం అడిగే డిక్ట్ కమాండ్, దానికి జవాబిచ్చే డిక్ట్‌డీ సర్వర్ ప్యాకేజీలనూ, వర్డ్‌నెట్, జీసైడ్ అనే ఇంగ్లీషు నిఘంటువులనూ ఇన్‌స్టాల్ చేసుకున్నాను. టెర్మినల్‌లో డిక్ట్ అని టైపు చేసి పదం ఇస్తే అర్థం చక్కగా వస్తోంది. ఇదే పని బ్రౌజర్ లోపల, కర్సర్ ఉన్న పదం మీద ఒక మీట నొక్కితే జరిగేలా అమర్చుకోవడం ఎలాగో చెప్పగలరా? ఇంటర్నెట్ తరచూ పోతూ ఉంటుంది కాబట్టి వీలైనంతవరకు నిఘంటువు నా కంప్యూటర్‌లోనే ఉండాలి. ఇంగ్లీషు పుటలతో పాటు పాత తెలుగు రచనలు కూడా ఇందులోనే చదువుతాను కనుక, తెలుగు పదాలకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తే మరీ సంతోషం. అది వీలుపడకపోతే ముందు ఇంగ్లీషు సంగతి తేలినా చాలు.

జవాబు: కమాండుదారి

మీరు అడిగిన సౌకర్యం డబ్ల్యూ3ఎంలో ఎప్పటి నుంచో ఉంది. దాని గురించి ఎక్కువమందికి తెలియకపోవడానికి కారణం, అది బ్రౌజర్‌ను కంపైల్ చేసేటప్పుడు ఎంచుకోవలసిన భాగం కావడం, దానికి వేరే ఒక చిన్న స్క్రిప్టు తోడు కావలసి రావడం. కనుక ముందుగా మీ దగ్గరున్న బ్రౌజర్‌లో ఆ భాగం ఉందో లేదో చూసుకోండి. ఏదైనా పుట తెరిచి చిన్న ఓ నొక్కితే ఆప్షన్ల పుట వస్తుంది. అందులో నిఘంటువు వాడకాన్ని అనుమతించే వరుస ఒకటి, నిఘంటువు కమాండ్ చిరునామా రాసే వరుస ఒకటి కనబడితే ఆ భాగం ఉన్నట్టే. అవి కనబడకపోతే సోర్స్ తెచ్చుకుని, డిక్ట్ భాగాన్ని చేర్చమని కాన్ఫిగర్ దశలో చెప్పి, మళ్ళీ కంపైల్ చేసుకోవలసిందే.

ఆ భాగం ఉంటే రెండు మీటలు పనిచేస్తాయి. ఎస్కేప్ నొక్కి వదిలి చిన్న డబ్ల్యూ నొక్కితే తెర అడుగున పదం అడుగుతుంది, మీరు టైపు చేయాలి. ఎస్కేప్ తరువాత పెద్ద డబ్ల్యూ నొక్కితే కర్సర్ కింద ఉన్న పదాన్ని బ్రౌజర్ తానే తీసుకుంటుంది. చాలా టెర్మినళ్ళలో ఎస్కేప్‌కు బదులు ఆల్ట్ పట్టుకుని నొక్కినా అదే ఫలితం వస్తుంది. ఎస్కేప్ లేకుండా చిన్న డబ్ల్యూ మాత్రమే నొక్కితే కర్సర్ తరువాతి పదానికి జరుగుతుంది కనుక, పదం పదం జరుగుతూ వెళ్ళి కావలసిన చోట ఎస్కేప్, పెద్ద డబ్ల్యూ నొక్కడం చదివే చేతికి త్వరగా అలవాటవుతుంది. అర్థం కొత్త పుటగా తెరుచుకుంటుంది, పెద్ద బీ నొక్కితే మీరు చదువుతున్న చోటికే, కర్సర్ ఎక్కడ ఉందో అక్కడికే తిరిగి వస్తారు.

ఇక లోపల జరిగేది తెలిస్తే అమరిక సులువు. డబ్ల్యూ3ఎంకు నిఘంటువుల గురించి ఏమీ తెలియదు. మీరిచ్చిన కమాండ్ చిరునామా చివర ఒక ప్రశ్న గుర్తు పెట్టి, దాని పక్కన పదాన్ని చేర్చి, ఆ చిరునామాను మామూలు పుటలాగే తెరుస్తుంది. ఆ చిరునామా మీ కంప్యూటర్‌లోని సీజీఐ స్క్రిప్టుది, అంటే అడిగినప్పుడు నడిచి పుటను రాసి ఇచ్చే చిన్న ప్రోగ్రాముది అయితే బ్రౌజర్ ఆ స్క్రిప్టును నడిపి, అది రాసినదాన్ని తెర మీద చూపుతుంది. ఇందుకోసం వెబ్ సర్వర్ ఏదీ అవసరం లేదు. పదం స్క్రిప్టుకు క్వెరీ స్ట్రింగ్ అనే పర్యావరణ చలరాశిలో అందుతుంది.

కాబట్టి మీరు చేయవలసినవి ఇవి. మీ హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే డబ్ల్యూ3ఎం ఫోల్డరు ఉంటుంది. అందులో సీజీఐ-బిన్ అనే ఫోల్డరు తెరిచి, స్క్రిప్టును అక్కడ పెట్టి, సీహెచ్‌మోడ్‌తో నడిచే అనుమతి ఇవ్వండి. ఆప్షన్ల పుటలో సీజీఐ ఫోల్డరు వరుసలో ఈ దారి ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఆ జాబితాలో లేని ఫోల్డరులోని స్క్రిప్టును బ్రౌజర్ నడపదు. అది మన భద్రత కోసమే. తరువాత నిఘంటువు కమాండ్ వరుసలో ఫైల్ అనే పదం, రెండు చుక్కలు, ఆపైన సీజీఐ-బిన్ దారి, స్క్రిప్టు పేరు రాసి ఓకే నొక్కితే అమరిక కాన్ఫిగ్ ఫైలులో నిలిచిపోతుంది.

స్క్రిప్టు చేయవలసిన పని కూడా చిన్నదే. మొదట కంటెంట్-టైప్ వరుస రాయాలి. మామూలు పాఠ్యం అని చెప్పడంతో పాటు అదే వరుసలో అక్షరసంకేతం యూటీఎఫ్-8 అని కూడా చెప్పండి, లేకపోతే బ్రౌజర్ అక్షరసంకేతాన్ని ఊహించవలసి వస్తుంది. దాని కింద ఒక ఖాళీ వరుస తప్పనిసరి. ఆ తరువాత డిక్ట్ కమాండ్‌ను పిలవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఎంతో ముఖ్యం. వచ్చే పదం ఎవరో రాసిన వెబ్ పుటలోది, కనుక దాన్ని నమ్మి షెల్ చేతికి నేరుగా అప్పగించకూడదు. షెల్ స్క్రిప్టు రాస్తే చలరాశిని జంట కోట్లలో ఉంచండి, పదానికి ముందు రెండు అడ్డగీతలు పెట్టండి. అలా పెట్టకపోతే అడ్డగీతతో మొదలయ్యే మాటను డిక్ట్ తనకిచ్చిన ఆప్షన్‌గా భావిస్తుంది. పైథాన్‌లో రాసేవారు సబ్‌ప్రాసెస్‌కు కమాండ్‌ను ఒకే వాక్యంగా కాక జాబితాగా ఇస్తే షెల్ అసలు మధ్యకే రాదు. నా దృష్టిలో అదే మంచి పద్ధతి.

ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలన్నారు కనుక, డిక్ట్‌కు హెచ్ ఆప్షన్‌తో లోకల్‌హోస్ట్ అని స్పష్టంగా చెప్పండి. డిక్ట్ ప్రోటోకాల్ 1997లో ఆర్ఎఫ్‌సీ 2229గా వెలువడింది, అది వాడే పోర్టు 2628. మీ కంప్యూటర్‌లో డిక్ట్‌డీ నడుస్తూ ఉంటే అడగడం, చెప్పడం అన్నీ అక్కడే జరిగిపోతాయి. లోకల్‌హోస్ట్ అని చెప్పకుండా వదిలేస్తే, స్థానిక సర్వర్ ఆగిపోయి ఉన్నప్పుడు కాన్ఫిగ్ ఫైలులో తరువాతి వరుసలో ఉన్న బయటి సర్వర్ కోసం డిక్ట్ ప్రయత్నిస్తుంది. నెట్ లేనప్పుడు అది వృథా నిరీక్షణ.

నిఘంటువుల్లో ముందు వర్డ్‌నెట్ చూపించమని నా సలహా. జీసైడ్ ప్రధానంగా 1913 నాటి వెబ్‌స్టర్ మీద ఆధారపడినది. పాత సాహిత్యం చదివేటప్పుడు దాని నిర్వచనాలు, ఉదాహరణలు ఎంతో విలువైనవే అయినా, ఒక మాట కోసం మూడు నాలుగు తెరల పొడవున చదవవలసి వస్తుంది. డీ ఆప్షన్‌తో ఏ నిఘంటువు కావాలో చెప్పవచ్చు. పదం దొరకనప్పుడు డిక్ట్ దగ్గరి పదాలను సూచిస్తుంది కనుక దాని దోష సందేశాలను కూడా పుటలోకే మళ్ళించండి.

నల్లతెర

కమాండుదారి గారూ, మీరు చెప్పినట్టే అమర్చాను, ఇంగ్లీషు పదాలకు చక్కగా పనిచేస్తోంది. మీకు ఎంతో కృతజ్ఞుణ్ణి. తెలుగు కోసం, చదువుతూ నేను రాసుకున్న పదాల పట్టికనూ, బ్రౌన్ నిఘంటువు నుంచి ఎక్కించుకున్న భాగాన్నీ ఒకే ఫైలుగా, పదం, ట్యాబ్, అర్థం అనే వరుసలో సిద్ధం చేసుకున్నాను. అయితే తెలుగు పదం ఇచ్చినప్పుడు దొరకలేదన్న సందేశంలో పదానికి బదులు శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు వరుసగా కనబడుతున్నాయి. ఈ ఫైలును నిఘంటువుగా మార్చే పద్ధతి, ఈ శాతం గుర్తుల సంగతి ఎవరైనా వివరించగలరా?

జవాబు: పొల్లు

మీకు కనబడుతున్న శాతం గుర్తుల వరుస తప్పు కాదు, అది మీ తెలుగు పదమే. చిరునామాలో ఉంచడానికి బ్రౌజర్ పదంలోని ప్రతి బైటునూ శాతం గుర్తు, రెండు హెక్సాడెసిమల్ అంకెల (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) రూపంలోకి మారుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఆ మార్పు అక్కరలేదు కనుక ఇంతవరకు మీకు తేడా తెలియలేదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. వాటిలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండవది బీ0 గాని బీ1 గాని. పదం అనే మాటలో ప, ద, సున్న కలిసి మూడు సంకేతాలు, అంటే తొమ్మిది బైట్లు, శాతం రూపంలో ఇరవై ఏడు గుర్తులు. స్క్రిప్టు మొదట చేయవలసిన పని దీన్ని తిరిగి విప్పడం. పైథాన్‌లో యూఆర్ఎల్‌లిబ్ పార్స్ విభాగంలోని అన్‌కోట్-ప్లస్ ఆ పని చేస్తుంది, ఖాళీకి బదులు వచ్చిన కూడిక గుర్తును కూడా అదే మారుస్తుంది. మీ లొకేల్ (కంప్యూటర్ భాష, అక్షరసంకేతాల అమరిక) కూడా యూటీఎఫ్-8లోనే ఉండేలా చూసుకోండి.

విప్పడంతో పని పూర్తి కాదు. తెలుగు పదాన్ని నిఘంటువుకు ఇచ్చే ముందు శుభ్రం చేయాలి, నిజానికి శ్రమంతా ఇక్కడే ఉంది. అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కంటికి కనబడని అక్షరం. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో పొల్లు తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఉండడానికి మనం జీరో విడ్త్ నాన్ జాయినర్ వాడతాం. ఆ గుర్తు తెర మీద కనబడదు, కాని పదంలో ఉంటుంది. మీ పట్టికలో ఆ గుర్తు లేకుండా రాసి, వెబ్ పుటలో గుర్తుతో ఉంటే, రెండూ ఒకే మాటని మనకు తెలుసు గాని యంత్రానికి తెలియదు. అడిగే పదం నుంచీ, నిఘంటువు శీర్షికల నుంచీ రెండు చోట్లా దాన్ని తొలగించండి. ఒక్క చోట తొలగిస్తే సమస్య అటు నుంచి ఇటు మారుతుందే గాని తీరదు.

రెండవది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వానికి 0సీ48 అనే ఒక సంకేతం ఉంది. దాన్నే ఎత్వం 0సీ46, ఐ పొడవు గుర్తు 0సీ56 కలిపి కూడా రాయవచ్చు, రెండూ సమానమని ప్రమాణమే చెబుతుంది. పాత ఫైళ్ళలో రెండవ రూపం అప్పుడప్పుడు తగులుతుంది. రెండు వైపులా ఎన్ఎఫ్‌సీ అనే, గుర్తులను కలిపి రాసే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటే ఆ చిక్కు పోతుంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా విభాగంలోని నార్మలైజ్ చాలు.

మూడవది మన భాషలో వచ్చిన మార్పు. బ్రౌన్ నిఘంటువు 1852లో మొదటగా వెలువడి, 1903లో సవరించిన ముద్రణ పొందింది. ఇప్పుడు మనం పుస్తకం అని రాసేది అందులో పుస్తకము అనే శీర్షిక కింద ఉంటుంది. కనుక మాట సున్నతో ముగిసి, నేరుగా దొరకకపోతే, ఆ సున్న తీసి ము చేర్చి మళ్ళీ వెతకమని స్క్రిప్టుకు చెప్పండి. ఆ ఒక్క సూత్రంతో దొరికే మాటల సంఖ్య ఎంత పెరుగుతుందో మీరే చూస్తారు. అలాగే చెరువు అని అడిగితే చెఱువు అని కూడా వెతకడం, అరసున్నను వదిలేసి పోల్చడం ఉపయోగపడతాయి. అయితే ఈ ప్రయత్నాలన్నీ అసలు రూపం దొరకనప్పుడు మాత్రమే చేయాలి. రెంటినీ ఎప్పుడూ కలిపేస్తే ర, ఱ తేడాతో అర్థం మారే మాటల్లో తికమక వస్తుంది, పాత రచనలు చదివేవారికి ఆ తేడా అవసరం.

విభక్తులు చేరిన రూపాలను విడగొట్టే పని మాత్రం స్క్రిప్టుకు అప్పగించవద్దు. పుస్తకాలలోనివి అన్న మాట నుంచి పుస్తకము దాకా వెళ్ళడానికి మన సంధులు, బహువచనాలు, ఔపవిభక్తికాలు అన్నీ తెలియాలి. నాలుగు వరుసల స్క్రిప్టుతో తేలే పని కాదది. అందుకే తెలుగు పుటల్లో ఎస్కేప్ తరువాత పెద్ద డబ్ల్యూ కంటే చిన్న డబ్ల్యూ మేలు. చదివేవారికి మూలరూపం తెలుస్తుంది కనుక దాన్ని టైపు చేయడానికి పట్టే సమయం తక్కువే. పైగా గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో కాక, అక్షరానికి చేరే గుర్తుల వర్గంలో ఉంటాయి. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కేవలం అక్షరాలను బట్టి తేల్చే ఏ ప్రోగ్రామైనా మాటను మధ్యలో తుంచివేసే ప్రమాదం ఉంది. మీరే టైపు చేస్తే ఆ బెంగ ఉండదు.

మీ ట్యాబ్ ఫైలును నిఘంటువుగా మార్చడానికి రెండు దారులున్నాయి. డిక్ట్‌డీలోనే ఉంచదలచుకుంటే డిక్ట్‌ఎఫ్‌ఎంటీ అనే మార్పిడి ప్రోగ్రాము వాడాలి. దానికి యూటీఎఫ్-8 ఆప్షన్‌తో పాటు ఆల్‌చార్స్ ఆప్షన్ కూడా ఇవ్వండి, లేకపోతే అది శీర్షికల్లో అక్షరాలు, అంకెలు, ఖాళీలు కానివాటిని లెక్కలోకి తీసుకోదు. డిక్ట్‌డీని కూడా యూటీఎఫ్-8 లొకేల్‌తో నడపాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే స్టార్‌డిక్ట్ అనే మరో నిఘంటువు ప్రోగ్రాము వాడే రూపం తేలిక. స్టార్‌డిక్ట్‌తో వచ్చే ట్యాబ్‌ఫైల్ గాని, పైగ్లాసరీ గాని మీ ఫైలును నేరుగా మారుస్తుంది, దాన్ని టెర్మినల్‌లో ఎస్‌డీసీవీ చదువుతుంది. సర్వర్ అనేదే ఉండదు కనుక పాత ల్యాప్‌టాప్‌కు నేను ఇదే సిఫారసు చేస్తాను.

ఎస్‌డీసీవీని స్క్రిప్టు నుంచి పిలిచేటప్పుడు ఎన్ ఆప్షన్ మరచిపోవద్దు. అది లేకపోతే దగ్గరి పదాలు ఎన్నో దొరికినప్పుడు ఏది కావాలని ఎదురుప్రశ్న వేసి, జవాబిచ్చేవారు లేక అక్కడే నిలిచిపోతుంది. ఎన్‌తో పాటు ఇంగ్లీషు చిన్న ఈ అక్షరపు ఆప్షన్ కూడా ఇస్తే ఖచ్చితంగా సరిపోయిన మాటనే చూపుతుంది. ముందు రెండూ ఇచ్చి, పైన చెప్పిన రూపాలన్నీ ప్రయత్నించి, ఏదీ దొరకనప్పుడు ఎన్‌ను ఉంచి, ఆ ఈ అక్షరపు ఆప్షన్‌ను మాత్రం తీసేసి దగ్గరి పదాలు చూపించండి.

జవాబు: ఏటిగట్టు

పైన చెప్పినవన్నీ కంప్యూటర్‌లో ఉన్న నిఘంటువులకు సరిపోతాయి. నెట్ ఉన్నప్పుడు పెద్ద నిఘంటువులనూ అదే మీటతో చూడవచ్చు. డబ్ల్యూ3ఎం స్థానిక సీజీఐ స్క్రిప్టుల నుంచి ఒక ప్రత్యేకమైన వరుసను స్వీకరిస్తుంది. కంటెంట్-టైప్‌కు బదులు డబ్ల్యూ3ఎం-కంట్రోల్ అని రాసి, గోటూ అని, దాని పక్కన ఒక చిరునామా ఇస్తే బ్రౌజర్ నేరుగా ఆ పుటకు వెళుతుంది. బయటి సైట్లు పంపే ఇలాంటి వరుసలను అది పట్టించుకోదు కనుక భయం లేదు. తెలుగు విక్షనరీలో ప్రతి మాటకూ చిరునామా చివర ఆ మాటే ఉంటుంది. కాబట్టి క్వెరీ స్ట్రింగ్‌లో వచ్చిన శాతం రూపాన్ని విప్పకుండానే అక్కడ అతికించవచ్చు. కనబడని జాయినర్‌ను మాత్రం ఈ2, 80, 8సీ అనే మూడు బైట్ల రూపంలోనే వెతికి తీసేయాలి. చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో బ్రౌన్ నిఘంటువుతో పాటు 1991లో వెలువడిన గ్విన్ నిఘంటువు కూడా ఉంది. ఆధునిక వాడుకకు గ్విన్ ఎక్కువగా ఉపయోగపడుతుంది. అక్కడ ఒకసారి చేత్తో వెతికి, ఫలితం వచ్చిన పుట చిరునామాను నమూనాగా తీసుకుని స్క్రిప్టులో వాడుకోండి. జావాస్క్రిప్టు లేనిదే ఫలితం చూపని సైట్లు మన బ్రౌజర్‌లో ఎంత ప్రయత్నించినా పనికిరావు, వాటి మీద సమయం వెచ్చించకండి.

టెర్మినల్‌లోనే నడిచే మరో బ్రౌజర్ ఈలింక్స్ వాడేవారు కూడా ఇది చదువుతుంటారు కనుక ఒక మాట. అందులో చిన్న జీ నొక్కి, చిరునామా అడిగినప్పుడు చిన్న డీ, ఖాళీ, పదం టైపు చేస్తే డిక్ట్ డాట్ ఆర్గ్ సైటులో వెతుకుతుంది. ఆ డీ అనేది ఆప్షన్లలో ముందే రాసిపెట్టిన ఉపసర్గ, అలాంటివి మనమూ చేర్చుకోవచ్చు, పదం రావలసిన చోట శాతం గుర్తు, చిన్న ఎస్ పెడితే సరిపోతుంది. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1992లో పుట్టిన లింక్స్ అనే ఇలాంటి బ్రౌజర్‌లో బయటి ప్రోగ్రామ్‌ను పిలిచే ఏర్పాటు ఉంది గాని, అది పుట చిరునామానో లంకె చిరునామానో పంపుతుంది, కర్సర్ కింది పదాన్ని కాదు. అందుకే చదువుతూ అర్థాలు చూసుకునేవారికి డబ్ల్యూ3ఎం అమరికే సరైనదని నా అభిప్రాయం.

తెలుగు అక్షరాలు తెర మీద సరిగా రావడం వేరే సంగతి. అది బ్రౌజర్ చేతిలో కాక టెర్మినల్ చేతిలో ఉంటుంది. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే భారతీయ లిపుల కూర్పు తెలిసిన ఎంఎల్‌టెర్మ్ వంటి టెర్మినల్‌లో ఒకసారి తెరిచి చూడండి.

నల్లతెర

పొల్లు గారూ, ఏటిగట్టు గారూ, మీ ఇద్దరి సూచనలతో పని పూర్తయింది. పట్టికను స్టార్‌డిక్ట్ రూపంలోకి మార్చి, శీర్షికల్లోని కనబడని జాయినర్లను తొలగించి, స్క్రిప్టును పైథాన్‌లో రాశాను. పదంలో మొదటి అక్షరం తెలుగు వరుసలోది అయితే ఎస్‌డీసీవీకి, లేకపోతే డిక్ట్‌కు పంపుతున్నాను కనుక రెండు భాషలకూ ఒకే మీట సరిపోతోంది. సున్నకు బదులు ము చేర్చే సూత్రం పెట్టగానే, అంతకుముందు దొరకని సముద్రం, కుటుంబం వంటి మాటలన్నీ వచ్చేశాయి. పట్టికలోనూ లేని మాటల కోసం, ఫలితం చివర విక్షనరీ లంకెను ఒక వరుసగా చూపుతున్నాను. నెట్ ఉన్నప్పుడు దాని మీద ఎంటర్ నొక్కితే సరిపోతుంది. ఇందుకోసం కంటెంట్-టైప్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, నిఘంటువు ఇచ్చిన పాఠ్యాన్ని ప్రీ ట్యాగు మధ్య ఉంచాను.

జవాబు: కమాండుదారి

మంచి ఏర్పాటు. హెచ్‌టీఎంఎల్‌గా మార్చారు కనుక ఒక్కటి సరిచూసుకోండి. నిఘంటువు పాఠ్యంలోనూ, అడిగిన పదంలోనూ ఉండే కోణపు బ్రాకెట్లను, యాంపర్‌సాండ్‌ను పైథాన్‌లోని హెచ్‌టీఎంఎల్ విభాగపు ఎస్కేప్‌తో మార్చిన తరువాతే పుటలో రాయండి. పాఠ్యంలో ఎక్కడైనా కోణపు బ్రాకెట్లు ఉండి, వాటిని మార్చకుండా వదిలితే బ్రౌజర్ ట్యాగులనుకుని అర్థంలో కొంత భాగాన్ని మింగేయవచ్చు.